కాల్పుల తర్వాత కేసు ఎవరి మీద?

ఎన్‌కౌంటర్ జరిగిన రోజు ఆ పరిధిలోని పోలీస్ స్టేషన్‌లో ఒక ఎఫ్‌ఐఆర్ నమోదవుతుంది. సాధారణంగా అందులో ఫిర్యాదుదారు పోలీసు అధికారి, ముద్దాయి చనిపోయిన మనిషి. మోపే నేరం హత్యాయత్నం. పాత ఐపీసీలో అది 307వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 109. పోలీసుల మీద దాడి చేశారు, లొంగిపొమ్మన్నా వినలేదు, ఆత్మరక్షణ కోసం కాల్పులు జరపక తప్పలేదు, ఆ కాల్పుల్లో చనిపోయారు అని రాస్తారు. ముద్దాయి బతికి లేడు కాబట్టి విచారణ ఉండదు, కేసు మూసేస్తారు. ప్రాణం తీసిన తూటా గురించి మాత్రం ఏ కోర్టులోనూ ఏ సాక్షీ బోనెక్కడు.

ఎన్‌కౌంటర్ల మీద మన దగ్గర జరిగే వాదన ఈ కాగితం దాకా రావడం తక్కువ. బాధితుల వైపు ఉన్నారా, నేరస్థుల వైపు ఉన్నారా అనే దగ్గరే ఆగిపోతుంది. హక్కుల గురించి మాట్లాడినవాళ్లని 'మీ ఇంట్లో జరిగితే తెలుస్తుంది' అని నోరు మూయిస్తారు. ఆ మాట వెనక ఉన్న బాధ నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. అయితే చనిపోయినవాడు మంచివాడా చెడ్డవాడా అని తేల్చడానికి ఈ చర్చ అక్కర్లేదు. ఒక మనిషి ప్రభుత్వం చేతిలో చనిపోయినప్పుడు అది హత్యా, ఆత్మరక్షణా అని నిర్ణయించే పని ఎవరిది? కాల్చినవాళ్లదేనా? తెలుగు నేల మీద యాభై ఏళ్లకు పైగా నలుగుతున్న ప్రశ్న ఇది.

2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌ప్లాజా పరిసరాల్లో ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. మృతదేహాన్ని షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద తగలబెట్టారు. దేశమంతా కదిలిపోయింది. 'దిశ' అనే పేరుతో ఆమె కోసం రోడ్డెక్కిన ఆడపిల్లలు అడిగింది చాలా మామూలు విషయం: రాత్రి తొమ్మిది గంటలకు బండి మీద ఇంటికి క్షేమంగా చేరే హక్కు. డిసెంబర్ 6 తెల్లవారుజామున, అదే చటాన్‌పల్లి దగ్గర, నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆధారాల సేకరణ కోసం అక్కడికి తీసుకెళ్లామనీ, వాళ్లు పిస్టళ్లు లాక్కుని కాల్చారనీ, రాళ్లు రువ్వారనీ పోలీసులు చెప్పారు. జనం అక్కడికి చేరుకుని పోలీసుల మీద పూలు చల్లారు. ఊళ్లలో టపాసులు కాల్చారు, మిఠాయిలు పంచారు.

ఆ పూల కింద ఒక విషయం కప్పబడిపోయింది. నవంబర్ 27 రాత్రి కూతురు కనబడటం లేదని తల్లిదండ్రులు పోలీసుల దగ్గరకు వెళ్లినప్పుడు, ఆ చోటు మా పరిధిలోకి రాదంటూ ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పారు. ఎఫ్‌ఐఆర్ ఆలస్యం చేసినందుకు ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లని తర్వాత సస్పెండ్ చేశారు కూడా. డిసెంబర్ 5 దాకా టీవీ చర్చల్లో, వీధుల్లో జనం అడిగిన ప్రశ్నల్లో ఇది ముఖ్యమైనది. టోల్‌ప్లాజాల దగ్గర గస్తీ ఎందుకు లేదు, ఆపదలో ఉన్న మనిషి ఫిర్యాదు ఎందుకు తీసుకోలేదు అని అందరూ అడిగారు. డిసెంబర్ 6 తర్వాత ఆ ప్రశ్న అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఏ వ్యవస్థ ఆ రాత్రి విఫలమైందో అదే వ్యవస్థ తొమ్మిది రోజుల్లో హీరో అయిపోయింది. ఎన్‌కౌంటర్ చేసే పనుల్లో ఇది చాలా పెద్దది. అది నిందితులతో పాటు ప్రశ్నలను కూడా చంపేస్తుంది.

'కోర్టులకు వెళ్తే ఏళ్లూ పూళ్లూ పడుతుంది' అనేది ఎన్‌కౌంటర్‌ను సమర్థించేవాళ్ల గట్టి వాదన. ఆలస్యం అబద్ధం కాదు. నిర్భయ కేసులో 2012 డిసెంబర్‌లో జరిగిన నేరానికి ఉరి అమలైంది 2020 మార్చిలో. అయితే ఇదే తెలంగాణలో, దిశ ఘటనకు సరిగ్గా మూడు రోజుల ముందు, 2019 నవంబర్ 24న, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఊరూరా తిరిగి చిన్న చిన్న సామాన్లు అమ్ముకునే ఒక దళిత మహిళపై ముగ్గురు అత్యాచారం చేసి చంపేశారు. ఆమె కోసం దేశం కదలలేదు. హైదరాబాద్‌లో కొవ్వొత్తులు వెలగలేదు. ఆమె వాళ్లూ, దళిత సంఘాలూ, స్థానికులూ పోరాడితే ఆదిలాబాద్‌లో ప్రత్యేక కోర్టు ఏర్పాటైంది. 2020 జనవరి 30న ఆ కోర్టు ముగ్గురినీ దోషులుగా తేల్చి ఉరిశిక్ష వేసింది. నేరం జరిగిన రోజు నుంచి లెక్కేసినా 70 రోజులు కాలేదు. అంతకు ముందు, 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాపపై జరిగిన ఘోరానికి సంబంధించి ఆగస్టు 8నే తీర్పు వచ్చింది. ఉరిశిక్ష ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. పసిపాప కేసులో హైకోర్టు తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చింది కూడా. ఇక్కడ గమనించాల్సింది, పోలీసులు దర్యాప్తు సరిగ్గా చేసి, ప్రభుత్వం కోర్టును, ప్రాసిక్యూటర్‌ను ఏర్పాటు చేస్తే న్యాయం త్వరగానే వస్తుందని. ఆ పని చేయాల్సింది ప్రభుత్వమే. కోర్టుల ఆలస్యాన్ని చూపించి తుపాకీని సమర్థించేవాళ్లు, ఆ ఆలస్యంలో సగం బాధ్యత తుపాకీ పట్టుకున్నవాళ్లదేనని మరిచిపోతున్నారు.

ఇంకో కేసు కూడా చూడాలి. 2007 డిసెంబర్ 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని హాస్టల్‌లో ఒక బీ ఫార్మసీ విద్యార్థినిని అత్యాచారం చేసి చంపారు. అప్పుడూ రాష్ట్రమంతా ఆగ్రహించింది. ఎనిమిది నెలల తర్వాత పోలీసులు ఒక పేద దళిత యువకుడిని పట్టుకుని నిందితుడు ఇతడే అన్నారు. చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే అతను కాదని నెత్తీనోరూ బాదుకున్నారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ శిక్ష కొట్టేసి, అతనికి లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. ఆ తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది. చటాన్‌పల్లి కాల్పులు జరిగిన అదే 2019 డిసెంబర్‌లో, వారం తిరగ్గానే, తెనాలిలో ఆ అమ్మాయి సమాధి తవ్వి మళ్లీ పరీక్షలు చేశారు. అసలు హంతకులెవరో తెలుసుకోవడానికి పన్నెండేళ్ల తర్వాత పడ్డ పాట్లు అవి. 2008లో ఆ యువకుడిని, నేరం ఎలా జరిగిందో చేసి చూపించే 'రీకన్‌స్ట్రక్షన్' పేరుతో బయటికి తీసుకెళ్లి కాల్చేసి ఉంటే? పూలు అప్పుడూ చల్లేవాళ్లం. అమ్మాయి తల్లి మాట ఎవరూ వినేవాళ్లు కాదు.

చట్టం చెప్పేదేమిటి

పోలీసులకు చంపే హక్కును ఏ చట్టమూ ప్రత్యేకంగా ఇవ్వలేదు. ప్రాణానికి ముప్పు వచ్చినప్పుడు తనను తాను కాపాడుకునే హక్కు మామూలు పౌరుడికి ఎంత ఉందో పోలీసుకూ అంతే ఉంది. అరెస్టు చేసేటప్పుడు అవసరమైన బలం వాడొచ్చు. కానీ మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం ఆరోపణ లేని మనిషి ప్రాణం తీసే హక్కు లేదని పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 46వ సెక్షన్ విడిగా చెప్పింది, కొత్త చట్టంలోనూ ఆ మాట ఉంది. పైగా ఆత్మరక్షణ అని చెప్పుకున్నవాడే దాన్ని కోర్టులో నిరూపించుకోవాలి.

ఒక రైతు తన పొలంలో దొంగతనానికి వచ్చినవాడిని ఆత్మరక్షణలో కొట్టి చంపాడనుకుందాం. పోలీసులు రైతు మీద కేసు పెడతారు, అరెస్టు చేస్తారు. రైతు చెప్పేది నిజమే కావచ్చు, కానీ ఆ సంగతి జడ్జి తేలుస్తాడు. అదే పోలీసు కాల్చి చంపితే, ఆత్మరక్షణ అనే మాట ఎఫ్‌ఐఆర్‌లోనే రుజువైపోయినట్టు. ఈ తేడాకు చట్టంలో ఎక్కడా ఆధారం లేదు.

ఈ తేడాను మొదట నిలదీసింది మనవాళ్లే. శ్రీకాకుళంలో 1970 జూలైలో నక్సలైట్ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయినప్పుడు పోలీసులు ఎదురుకాల్పులనే అన్నారు. ఎమర్జెన్సీ మొదలైన నెలకే, 1975 జూలైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు చనిపోతే అదే కథ చెప్పారు. ఎమర్జెన్సీ పోయాక జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఏర్పడ్డ తార్కుండే కమిటీ ఆ ఊళ్లకు వచ్చి, పట్టుకుని చెట్లకు కట్టేసి కాల్చారని నివేదిక ఇచ్చింది. ప్రభుత్వం భార్గవ కమిషన్ వేసింది. సాక్ష్యాలు బయటికి వస్తున్న సమయంలో విచారణ రహస్యంగా జరగాలని ప్రభుత్వమే పట్టుబట్టింది, హక్కుల తరఫున వాదిస్తున్న కె.జి. కన్నబిరాన్ తప్పుకున్నారు, కమిషన్ మధ్యలోనే నీరుగారిపోయింది. శ్రీశ్రీ అధ్యక్షుడిగా 1974లో మొదలైన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఆ తర్వాత దశాబ్దాల పాటు ఒక్కో ఎన్‌కౌంటర్ జరిగిన చోటికి వెళ్లి, ఊరివాళ్లతో మాట్లాడి, నిజనిర్ధారణ నివేదికలు రాసింది.

ఆ శ్రమ ఫలితం ఢిల్లీలో కనిపించింది. పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదుల మీదే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996లో విచారణ జరిపి, 1997 మార్చిలో జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య అధ్యక్షుడిగా ఉండగా అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ మార్గదర్శకాలు పంపింది. కాల్పుల్లో పాల్గొన్న స్టేషన్‌వాళ్లే దర్యాప్తు చేయకూడదు, సీఐడీ లాంటి వేరే సంస్థకు ఇవ్వాలి అన్నది అందులో ముఖ్యమైన మాట. దేశంలో ఎక్కడ ఎన్‌కౌంటర్ జరిగినా ఇవాళ వాడే నియమాలకు మూలం తెలుగు పల్లెల్లో హక్కుల కార్యకర్తలు సేకరించిన వాంగ్మూలాలు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది.

2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం ఇంకా ముందుకు వెళ్లింది. పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే, కాల్చినవాళ్ల మీద ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి, ఆత్మరక్షణ అన్నది నిజమా కాదా కోర్టు విచారణలోనే తేలాలి, దర్యాప్తు అధికారి అభిప్రాయం చివరి మాట కాదు అని తేల్చింది. జస్టిస్ గోడా రఘురాం రాసిన ఆ తీర్పు రైతుకూ పోలీసుకూ మధ్య ఉన్న తేడాను ఒక్క దెబ్బతో చెరిపేసింది. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది, ఆ ఏడాదే స్టే వచ్చింది. 2014 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు ఒక మహారాష్ట్ర కేసులో 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్‌ఐఆర్, వేరే సంస్థ దర్యాప్తు, మెజిస్ట్రేట్ విచారణ, కాల్పులు సరైనవేనని నిస్సందేహంగా తేలేదాకా పతకాలూ పదోన్నతులూ ఇవ్వకపోవడం అందులో ఉన్నాయి. మంచివే. కానీ ఎఫ్‌ఐఆర్ ఎవరి మీద పెట్టాలన్నది హైకోర్టు చెప్పినంత సూటిగా అందులో లేదు. ఆ సందులోంచే చనిపోయినవాడిని ముద్దాయి చేసే అలవాటు కొనసాగుతోంది.

ఆ మార్గదర్శకాలు వచ్చిన ఏడు నెలల్లోపే, 2015 ఏప్రిల్ 7న, ఒకే రోజు రెండు రాష్ట్రాల్లో రెండు ఘటనలు జరిగాయి. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది కూలీలు చనిపోయారు. వాళ్లతో బయల్దేరి ప్రాణాలతో మిగిలినవాళ్లు, తోటివాళ్లను బస్సులోంచి దించి తీసుకెళ్లారని చెప్పారు. అదే ఉదయం వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకొస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వ్యాన్‌లోనే చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులన్నారు. చేతులకు బేడీలతో సీట్లలో పడి ఉన్న మృతదేహాల ఫొటోలు అప్పుడు పత్రికల్లో వచ్చాయి. ఆ ఫొటోలు చూశాక కూడా అందరం మామూలుగా పనుల్లో పడిపోయామంటే, చంపడం మన మధ్య ఎంత అలవాటైపోయిందో తెలుస్తుంది.

హింస ఎవరిదైనా

ఇక్కడ ఎదురుప్రశ్న ఒకటి వస్తుంది, రావాలి కూడా. నక్సలైట్లు చంపినప్పుడు ఈ హక్కుల సంఘాలు ఎక్కడికి పోయాయి? ఐపీఎస్ అధికారులు కె.ఎస్. వ్యాస్‌ను 1993లో హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో, ఉమేశ్ చంద్రను 1999లో ఎస్సార్ నగర్‌లో నడిరోడ్డు మీద చంపారు. మాజీ స్పీకర్ శ్రీపాదరావును చంపారు. మంత్రి మాధవరెడ్డిని 2000లో మందుపాతరతో చంపారు. పేర్లు తెలియని మామూలు మనుషుల సంగతి సరే సరి. ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి ఊరి మధ్యలో చంపేసినవాళ్లలో పేదలే ఎక్కువ. వాళ్లకూ వాదించుకునే అవకాశం లేదు, వాళ్ల మీదా తీర్పు ముందే రాసి ఉంది.

ఈ ప్రశ్నను ఉద్యమం లోపలే వేసినవాడు కె. బాలగోపాల్. గణిత అధ్యాపకుడి ఉద్యోగం వదిలి, పదిహేనేళ్లు పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శిగా ఊరూరూ తిరిగి ఎన్‌కౌంటర్ల మీద నివేదికలు రాసిన మనిషి ఆయన. దెబ్బలు తిన్నాడు, జైలుకు వెళ్లాడు. హక్కులు రాజ్యం నుంచి కాపాడుకోవాల్సినవి మాత్రమే కావనీ, కులం దగ్గర, ఇంట్లో మగవాడి దగ్గర, చివరికి ప్రజల పేరుతో తుపాకీ పట్టినవాళ్ల దగ్గర కూడా మనిషికి హక్కులుంటాయనీ ఆయన వాదించాడు. రాజ్యహింసను ఎదిరించే సంఘం విప్లవకారుల హింస మీద మౌనంగా ఉండటం కుదరదన్నాడు. సంఘంలో చాలామంది ఒప్పుకోలేదు. రాజ్యం హింసనూ, దానికి ఎదురు తిరిగినవాళ్ల హింసనూ ఒకే గాటన కట్టకూడదన్నది వాళ్ల మాట. ఆ చర్చ పత్రికల్లో, మీటింగుల్లో ఏళ్ల పాటు సాగి, 1998లో బాలగోపాల్, ఆయన మిత్రులు బయటికి వచ్చి మానవ హక్కుల వేదిక పెట్టుకున్నారు. తెలుగులో హింస మీద ఇంత నిజాయితీగా, ఇంత లోతుగా జరిగిన చర్చ ఇంకొకటి లేదు. రెండు పక్షాల వాళ్లూ ప్రాణాలు పణంగా పెట్టి మాట్లాడారు. 1985 సెప్టెంబర్‌లో వరంగల్‌లో నక్సలైట్లు ఒక ఎస్సైని చంపితే, మర్నాడు అతని అంతిమయాత్ర సాగుతుండగా పిల్లల డాక్టర్, హక్కుల సంఘం నాయకుడు రామనాథం తన క్లినిక్‌లోనే హత్యకు గురయ్యాడు. ఆ ఊరేగింపులోంచి వచ్చిన పోలీసులే కాల్చారని హక్కుల సంఘం మొదటి నుంచీ చెబుతూ వచ్చింది. ఒక చావుకు దానితో సంబంధం లేని ఇంకో మనిషి బదులు చెల్లించాడు.

ఈ రెండు పక్షాల్లో బాలగోపాల్ వాదనే బలమైనది. మనిషిని చంపే ముందు అతని మాట వినాలి, వినేది కాల్చేవాడు కాకూడదు అన్న నియమం పోలీసుకు వర్తిస్తే నక్సలైట్ల ప్రజాకోర్టుకూ వర్తించాలి. ఒక చోట వదిలేస్తే రెండో చోట అడిగే నైతిక బలం పోతుంది. అంతమాత్రాన రెండూ ఒకటే అయిపోవు. రాజ్యం రాజ్యాంగం మీద ప్రమాణం చేసింది, మన పన్నులతో ఆయుధాలు కొన్నది, కాబట్టి దాన్ని ఎక్కువగానే నిలదీయాలి.

నిందితుడి కులం, డబ్బు, పలుకుబడి చూసే తుపాకీ లేస్తుందన్నది కూడా అందరికీ తెలిసిందే, పైకి అనేవాళ్లు తక్కువ. 2021 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సైదాబాద్‌లో ఆరేళ్ల పాప హత్య జరిగినప్పుడు, నిందితుణ్ణి పట్టుకుని ఎన్‌కౌంటర్ చేస్తామని ఒక రాష్ట్ర మంత్రే మీడియా ముందు ప్రకటించారు. రెండు రోజుల తర్వాత అతను స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రైలు పట్టాల మీద శవమై కనిపించాడు. హైకోర్టు న్యాయ విచారణకు ఆదేశించాల్సి వచ్చింది. మరుసటి ఏడాది మేలో జూబ్లీహిల్స్‌లో ఒక బాలికపై కారులో సామూహిక అత్యాచారం జరిగింది. నిందితుల్లో పలుకుబడి ఉన్న కుటుంబాల పిల్లలున్నారు. అక్కడ చట్టం తన దారిలో వెళ్లింది. మైనర్లు జువెనైల్ బోర్డు ముందుకు వెళ్లారు, లాయర్లు వచ్చారు, బెయిళ్లు వచ్చాయి. అలాగే జరగాలి. సైదాబాద్ కేసులోనూ అలాగే జరగాల్సింది.

చటాన్‌పల్లి విషయంలో సుప్రీంకోర్టు 2019 డిసెంబర్ 12న జస్టిస్ వి.ఎస్. సిర్పుర్కర్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 2022 మేలో బయటపడిన నివేదిక, నిందితులు ఆయుధాలు లాక్కున్నారన్న కథ నమ్మదగ్గది కాదనీ, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారనీ, నలుగురిలో ముగ్గురు మైనర్లనీ చెప్పి, పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని సిఫార్సు చేసింది. మైనర్లన్న సంగతి కోర్టు విచారణ జరిగి ఉంటే మొదటి నెలలోనే తేలేది. దిశ కుటుంబానికి కూడా ఆ రాత్రి ఏం జరిగిందో సాక్ష్యాలతో, ప్రశ్నలతో, తీర్పుతో తెలిసే అవకాశం ఇక ఎప్పటికీ లేదు. సుప్రీంకోర్టు నివేదికను తెలంగాణ హైకోర్టుకు పంపింది. ఆ పది మంది మీద విచారణ అక్కడి వ్యాజ్యాల్లోనే ఇరుక్కుంది.

మన శాసనసభలు తలుచుకుంటే ఎంత వేగంగా పనిచేస్తాయో అదే డిసెంబర్‌లో కనిపించింది. కాల్పులు జరిగిన వారానికే, 13న, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 21 రోజుల్లో దర్యాప్తు, విచారణ ముగించాలంటూ దిశ బిల్లు పాస్ చేసింది. అది రాష్ట్రపతి ఆమోదం పొందలేదు. పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలన్న జీరో ఎఫ్‌ఐఆర్ మాత్రం సీఆర్‌పీసీ స్థానంలో 2024లో అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్‌గా చట్టమైంది. పోలీసు కాల్పుల్లో చావు జరిగితే కాల్చినవాళ్ల మీద ఎఫ్‌ఐఆర్ పెట్టాలని, వేరే సంస్థ దర్యాప్తు చేయాలని, ఆత్మరక్షణ సంగతి జడ్జే తేల్చాలని చెప్పే సెక్షన్ ఆ చట్టంలో లేదు. పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాలోనిది. నేర విచారణ పద్ధతి మీద చట్టాలు చేసే అధికారమూ రాష్ట్రాలకు ఉంది. 2009 తీర్పు రాసింది మన హైకోర్టు, దానికి దారి వేసింది మన హక్కుల కార్యకర్తలు. అమరావతిలోనో హైదరాబాద్‌లోనో ఒక ఎమ్మెల్యే ఆ తీర్పులోని వాక్యాలనే బిల్లుగా మార్చి సభలో పెట్టొచ్చు.